యాదగిరన్న బొద్దింకలు, మా ఒంటిచెవి పులి

యాదగిరన్న ఎవరి గదికి వచ్చినా ముందు మనిషిని పలకరించడు. మోరీని పలకరిస్తాడు. చెప్పులు విడిచి, మంచం మీద కూర్చున్న మనల్ని ఖాళీ కుర్చీని దాటినట్టు దాటి, తిన్నగా స్నానాల గదిలోకి పోతాడు. నేల మీద నీళ్ళు పోయే కంత దగ్గర గొంతుక్కూర్చుని చెంబెడు నీళ్ళు పోస్తాడు. లోపల గుడగుడ అయ్యేదాకా చెవి ఒగ్గి వింటాడు. తృప్తిగా తల ఊపి, అప్పుడు బయటికొచ్చి, "ఆఁ, ఎట్లున్నవ్ తమ్మీ?" అంటాడు.

మనిషి ఎట్లున్నా ఆయనకు ఫరవాలేదు. మోరీ ఎండకూడదు.

ఎందుకు ఎండకూడదో నాకు తెలిసినంత బాగా సౌదీలోని ఈ అల్ ఖోబర్ మొత్తంలో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆయన చెప్పేది విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మోరీ కింద వంపు తిరిగిన గొట్టం ఉంటుంది. ఆ వంపులో నిలిచే నీళ్ళే బొద్దింకకు తలుపు. ఈ దేశపు ఎండకు, గది తాళం వేసి చుట్టీ మీద ఊరికి పోయామంటే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. తలుపు తెరుచుకుంటుంది. కింద మురుగు గొట్టాల్లో ఉడికిపోతున్న బొద్దింకలు పెళ్ళాంపిల్లలతో సహా పైకెక్కి మన మంచం కింద కాపురం పెడతాయి. మనం తిరిగొచ్చి లైటు వేస్తే, "ఎవరు మీరు?" అన్నట్టు మీసాలు ఊపుతాయి.

అల్ అజీజియాలో మా గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ప్లంబరు యాదగిరన్న, సిరిసిల్ల టైల్స్ మేస్త్రి ఎల్లన్న, ఏసీ మెకానిక్కునైన నేను, అంటే పర్శరాములును. యాదగిరన్న బొద్దింక ఊసెత్తగానే ఎల్లన్న చెవుల్లో ఫోను వైర్లు దోపుకునేవాడు. నేను రోజంతా ఏసీ మిషన్ల రొద వినేవాణ్ణి. దాని ముందు మనిషి రొద ఏపాటి?

శుక్రవారం సెలవునాడు రాయచోటి జానీ వచ్చేవాడు. మా పేటలోనే ఒక సౌదీ ఇంట్లో డ్రైవరు. ఒకసారి వాళ్ళింట్లో నల్లా కారుతోందని కంపెనీ యాదగిరన్ననే పంపింది. ఈయన పోయి, మోరీలన్నిటిలో నీళ్ళు పోసి, అన్నీ గుడగుడలాడాక ఎంతో సంతోషపడి, నల్లా సంగతి మరిచిపోయి తిరిగొచ్చాడు.

"మా సార్ మండిపడ్నాడన్నా," అని జానీ నెత్తి కొట్టుకున్నాడు. "వంటింట్లో మా చెంచులక్ష్మక్క ఉంది చూడు, తలుపెనక నుంచి ఒకటే నవ్వు. 'ఇంత చెంబు నీళ్ళు పోసేదానికి అంత పెద్ద పనిముట్ల పెట్టె యాలన్నా?' అనిందంట."

"నవ్వనియ్," అన్నాడు యాదగిరన్న. "ఆ ఇంట్ల ఆ బిడ్డె నవ్విన సప్పుడు అదే మొదటిసారట గదా. గట్లన్న ఒక పని అయ్యింది. నల్లాదేముంది, రేపు పోత."

బోరిక్ పొడి, చక్కెర, గోధుమపిండి కలిపి బొద్దింకల కోసం ఆయన ఉండలు చుట్టేవాడు. చుట్టేటప్పుడు ఆ మురిపెం చూడాలి! మా వైపు పెళ్ళిళ్ళలో లడ్డూకు కూడా అంత గుండ్రదనం రాదు. ఒకరోజు ఎల్లన్న డ్యూటీ నుంచి ఆకలి మీద వచ్చి, పళ్ళెంలో ఆరబెట్టినవి చూసి, ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"ఊంచు! ఊంచు!" అని యాదగిరన్న పెట్టిన కేకకు మెట్లెక్కుతున్న పాకిస్తానీ కూడా ఊంచాడు.

ఎల్లన్న ఊంచి, పుక్కిలించి, గుడ్లు తేలేసి, "సచ్చిపోతనా అన్నా?" అన్నాడు.

"నువ్వెందుకు సస్తవ్? గని నువ్వు ఎంగిలి జేసినంక బొద్దెంక ముట్టదు. మంచి ఉండను ఆగం జేస్తివి గదరా!"

ఇక బలదియా, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, వాళ్ళు వీధిలో మ్యాన్‌హోళ్ళకు మందు కొట్టే రోజంటే ఆయనకు యుద్ధం. మందు పడగానే ఎర్రరెక్కల బొద్దింకలు మూతల సందుల్లోంచి పొర్లుకొచ్చి, కాలే తారు మీద నిలవలేక, నీడ కోసం మా బిల్డింగు మీద పడేవి. యాదగిరన్న గడప కింద తడిగోనె దోపి, చీపురు భుజాన పెట్టుకుని నిలబడేవాడు. బొద్దింకలనే కాదు, మమ్మల్నీ రానిచ్చేవాడు కాదు.

"చెప్పులు దులుపు. సంచి దులుపు. జేబులు దులుపు."

"జేబులల్ల బొద్దెంకలు ఎందుకుంటయన్నా?"

"ఎందుకుంటయో అవిటికి ఎర్క. నువ్వు దులుపు."

ఊళ్ళో ఆయన భార్య ముత్యవ్వకు ఫోన్ చేసినా ఇదే వరస. మేమందరం వినేట్టు స్పీకరులో పెట్టి, బాగున్నావా అనకముందే, "మోరిల నీళ్ళు పోసినవా?" అనేవాడు.

"మన మోరి వాకిట్ల ఉన్నది. మీద ఆకాశం నుంచి ధారగట్టి వాన వడ్తాంది. ఇంక నేనేం పొయ్యాలె?" అని ఆమె విసుక్కునేది. "ఓ పర్శరాములూ, ఉన్నవా ఆడ? ఈయినె లగ్గం నాతోని అయ్యిందా, మోరితోని అయ్యిందా? నువ్వన్న జర అడుగు బిడ్డా."

ఇవన్నీ భరించవచ్చు. నేను భరించాను కూడా. భరించలేనిది కార్టన్ల పంచాయితీ.

గల్ఫ్‌లో పనిచేసేవాడు ఊరికి పోయేటప్పుడు మనిషి వెంట కార్టన్ పోదు, కార్టన్ వెంట మనిషి పోతాడు. ఆటో దిగగానే వాడకట్టు వాడకట్టంతా ముందు కార్టన్ వైపు చూసి, తర్వాత మొహం వైపు చూస్తుంది. అందుకే నెలల ముందునుంచీ సబ్బులు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, దుప్పట్లు ఒక్కొక్కటే కూడబెడతాం. వేలు దూరే సందు లేకుండా సర్ది, టేపు చుట్టి, తాళ్ళు బిగించి, నాలుగు పక్కలా పేరూ ఊరూ రాస్తాం. ఆ ముడి ఇంటి నట్టింట్లో, పెళ్ళాంపిల్లల కళ్ళ ముందు విప్పాలి.

యాదగిరన్న ఇక్కడే విప్పేవాడు.

"అట్ట సందులల్ల దూరి, విమానమెక్కి వోతదది. అరబ్బు బొద్దెంక ఒక్కటి మన దిక్కు దిగిందా, జగిత్యాల ఖలాస్!" అని ఆయన వాదన. బకాలా దుకాణంలో అడిగి తెచ్చుకున్న అరటిపండ్ల కార్టనయితే అసలు గడప దాటనిచ్చేవాడు కాదు. "గది బొద్దెంకల అత్తగారిల్లు."

ఎవరు చుట్టీ పోతున్నా ముందురోజు ఆయన టార్చీ, చాకు, కళ్ళజోడుతో హాజరు. కళ్ళజోడుకు ఒక కాడ లేదు. దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. కార్టన్ మొత్తం బోర్లించి, ఒక్కొక్క వస్తువూ వెలుగుకు పెట్టి చూసి, మళ్ళీ తనే సర్ది కట్టేవాడు. ముడి మీద నల్లాలకు చుట్టే తెల్ల టేపు కూడా చుట్టేవాడు. బొద్దింక ముడి విప్పుకుంటుందని ఆయన భయం కాబోలు. అయితే ప్రతిసారీ ఏదో ఒక వస్తువు పరీక్షలో తప్పేది.

"గీ పౌడరు డబ్బల గుడ్లు వెట్టింది," అన్నాడు యాదగిరన్న, ఎల్లన్న కార్టన్ విప్పినరోజు.

"ఏదన్నా, సూపెట్టు!"

"నీ కండ్లకు గనవడయి."

"మరి నీకెట్ల గనవడ్తయి?"

"అద్దాలున్నయి గదరా!"

ఆ డబ్బా చంకన పెట్టుకుని, "బయట పారేసొస్త," అని వెళ్ళిపోయాడు. ఎల్లన్న ఊరు చేరాక కూడా ఫోన్ చేసి ఆ పౌడరు డబ్బాకు సంతాపం తెలిపాడు. ఒకరి సబ్బులు, ఒకరి పాలపొడి, ఒకరి తువ్వాలు అట్లాగే పోయాయి. నాకు ఒక్కటే వింతగా ఉండేది: ఈ బొద్దింక ఒకే రకానివి రెండు, జోడీగా ఉన్నచోటే గుడ్లు పెడుతుంది. ఒంటరి వస్తువును ముట్టదు. ఏ జాతిదో మరి!

ఇంతలో నా చుట్టీ వచ్చింది. మా ప్రేమలత అడిగింది ఒక్కటే: పులి బొమ్మ దుప్పటి.

"పక్కింటి లసుమవ్వ మంచం మీద పులి ఉన్నది. మనింట్ల పిల్లి గూడ లేదు," అంది ఫోనులో. "పోయినసారి తెస్తనని తేకపోతివి. ఈసారి పులి రాకుంటె నీ ముచ్చట నేనినను, నా వంట నువ్వు తినద్దు."

పోయినసారి నెల రోజుల చుట్టీలో సగం నేను మూగనోము పట్టినట్టే గడిపాను. అందుకని ఈసారి ఖోబర్ బజారంతా గాలించి పులిని పట్టాను. నల్లటి దుప్పటి మీద పచ్చటి పులి, నోరు తెరిచి. కుట్టులో ఎడమ చెవి పోయింది కానీ ఆ ఒక్క లోపం తప్ప మహారాజు. వీడియోలో చూపిస్తే ప్రేమలత, "చెవేది?" అంది.

"చెవి లేకుంటేంది? కోరలున్నయి గద!" అన్నాను. ఒప్పుకుంది.

కొత్తగా పెళ్ళయిన మా బామ్మర్ది గులాబీల దుప్పటి కావాలన్నాడు. వాడు ఫోన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి అడుగుతాడు. ఫోను పెట్టేశాక వాణ్ణి తిట్టడం నాకు అలవాటు, యాదగిరన్నకు వినడం అలవాటు. సరే, గులాబీలదీ కొన్నాను. కొన్నాక గానీ గుర్తుకు రాలేదు. నా కార్టన్‌లో ఇప్పుడు దుప్పట్లు రెండు. జోడీ!

గురువారమే గుట్టుగా సర్ది, తాళ్ళు బిగించి, కార్టన్‌ను ఎల్లన్న మంచం కిందికి తోసి, ముందు బియ్యం బస్తా అడ్డం పెట్టాను. శుక్రవారం పొద్దున యాదగిరన్న చాయ్ తాగి, చెంబుతో మోరీలో నీళ్ళు పోసి, బయటికొచ్చి, ముక్కు ఎగబీల్చాడు.

"అట్ట వాసన వస్తాంది."

"నా కార్టన్ల బొద్దెంకలు లెవ్వన్నా. నేనే చూసిన."

"దొంగ లేడని తాళంచెవి చెప్తదా? జరుగు."

బస్తా జరిగింది. కార్టన్ బయటికొచ్చింది. నా పేరు మీదుగా చాకు దిగింది. సబ్బులు పాసయ్యాయి. పిల్లల బొమ్మలు పాసయ్యాయి. గులాబీలు పాసయ్యాయి. పులి దగ్గర టార్చీ ఆగింది.

"అన్నా, పులి జోలికి పోకు. నీ కాళ్ళు మొక్కుత!"

"పులి మంచిదే తమ్మీ. దాని కడుపులనే గుడ్లున్నయి."

"అది ప్రేమలతదన్నా! కావాల్నంటె గులాబీలది తీస్కపో!"

యాదగిరన్న కళ్ళజోడు దించి నా వైపు జాలిగా చూశాడు. "బామ్మర్ది పులిని బచాయిస్తున్నవా? ఆడిబిడ్డ పులినడుగుతదా ఏడనన్న? పువ్వులు ఇంటి మనిషికి. పువ్వుల జోలికి బొద్దెంక పోదు."

"నిజం చెప్తున్ననన్నా!"

"గుడ్లు గూడ నిజమే."

పులిని చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. నేను ఎల్లన్న వైపు చూశాను. వాడు ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు గానీ ముసుగు ఎగిరెగిరి పడుతోంది. బజారుకు పరిగెత్తాను. పులుల్లేవు. నెమళ్ళున్నాయి. నెమలిని తీసుకెళ్ళి పులి అంటే నమ్మేది కాదు మా ప్రేమలత.

మర్నాడు మధ్యాహ్నం దమ్మాం ఎయిర్‌పోర్టుకు జానీ తన కారులో తీసుకెళ్ళాడు. కోపంతో యాదగిరన్నకు నేను పోయొస్తానని కూడా చెప్పలేదు. ఆయన మాత్రం కార్టన్‌ను మోసుకొచ్చి డిక్కీలో పెట్టి, మూత వేసి, చేయి ఊపాడు.

వెనక సీట్లో నల్లటి అబాయాలో ఒకామె కూర్చుని ఉంది.

"చెంచులక్ష్మక్కన్నా," అన్నాడు జానీ. "మా ఇంట్లో ముసలామెను చూసుకుంటా ఉన్నింది. ఆ పెద్దామె పోయింది. ఇంకేం పనిలే అని టికెట్టు చేతిలో పెట్టినారు. నీ విమానమే. అక్కకు ఇదంతా కొత్త, రవ్వంత తోడుండన్నా."

సరేనన్నాను. నా మనసంతా ప్రేమలత వంట మీద ఉంది, తినకూడని వంట మీద.

ఎయిర్‌పోర్టులో జానీ డిక్కీ తెరిస్తే రెండు కార్టన్లు. రెండిటి ముడుల మీదా నల్లాలకు చుట్టే తెల్ల టేపు. నేను ఏదో అనబోయేలోపే జానీ రెండూ బండి మీదికెత్తి, "పోయి రాండన్నా!" అని మాయమయ్యాడు. లైనులో ముందుకు తోస్తుంటే ఆమె కార్టన్ మూల స్తంభానికి తగిలి చిరిగింది. ఆ చిరుగులోంచి ఒక పచ్చటి మొహం, తెరిచిన నోరు, కోరలు, ఒకే ఒక్క చెవి!

నా పులి!

కేక నోటిదాకా వచ్చింది. అంతలో ఆమె వంగి, చిరిగిన అట్టను రెండు చేతుల్తో మూస్తూ నవ్వింది.

"ఎంత బాగుండాదో చూడబ్బీ. యాదగిరన్న పంపిచ్చినాడు. బరువెక్కువైందని ఎవురో వదిలేసి పోయినారంట. పారేసేదానికంటే నువ్వు తీసకపోమ్మా అన్నాడంట."

సందులోంచి చూశాను. సబ్బులు, పాలపొడి, తువ్వాలు. ఒక మూల ఎల్లన్న పౌడరు డబ్బా.

"మీరు బజారుకు పోలేదా అక్కా?" అని అడిగాను.

"బజారా? ఆ ఇంట్లో నుంచి నేను గడప దాటింది ఆస్పత్రికి, అదీ పెద్దామె ఎంబడి. ఉన్నిపాటున పొమ్మనిరి. మా కోడూరులో బస్సు దిగితే వీధంతా ఏం తెచ్చినాదో అని చూస్తాంటారు గదా! ఒట్టి చేతుల్తో యెట్ల దిగేది రా దేవుడా అని నిన్నంతా ఒకటే ఏడుపు." ఆమె పులి మొహం తడిమింది. "మా పాప చలికి ముడుచుకోని పండుకుంటాది. దీన్ని కప్పుతా. ఒక చెవి లేదు పాపం, చూసినావా?"

నా గొంతు నేను చెప్పకుండానే మాట్లాడింది. "చెవి లేకపోతేనేం అక్కా, కోరలున్నయి గదా!"

ఆమె నవ్వింది. ఎయిర్‌పోర్టులో టేపు దొరికే చోటు వెతికి, కార్టన్ మూల నేనే గట్టిగా చుట్టించాను. బొద్దింక కాదు కదా, దాని మీసం కూడా దూరనంత గట్టిగా.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, దూరంగా వెళ్ళి యాదగిరన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, నా పులి కనవడ్డది."

అవతల నీళ్ళ గుడగుడ వినిపించింది. మోరీ దగ్గరే ఉన్నాడు.

"ఆమెకు జెప్పినవా?" అన్నాడు.

"చెప్పలే."

"మంచి పని జేసినవ్. నీ బామ్మర్దిది పోతె పోనీ తియ్, ఖల్లివల్లి."

"బామ్మర్దిది గాదన్నా! పులి ప్రేమలతదే!"

"అరె! ఆడిబిడ్డ నిజంగనే పులినడిగిందా?"

"ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

"ఏం ఆడోళ్ళే మీ దిక్కు! నేను పువ్వులు కాపాడితి గదా తమ్మీ నీకోసం," అన్నాడు దిగులుగా.

"అడిగితె మేం ఇయ్యకపోదుమా అన్నా? గీ బొద్దెంకల నాటకమెందుకు?"

"ఇత్తురు. ఇచ్చి, ఎవలకని అడుగుదురు. ఉట్టి చేతులతోని ఇంటికి పోయెటోళ్ళు ఎప్పుడూ ఒకలు ఉంటనే ఉంటరు, ఇప్పుడు ఈమె. ఆమె పేరు జెప్పాల్నా? రేపు ఆ ముచ్చట ఆమెకన్న ముందు కోడూరుకు వోతది. మీరు మంచోళ్ళే గని మీ ఫోన్లు మంచియి గావు. బొద్దెంకకు నోరు లేదు, నామోషి లేదు. ఎంత మోపినా మోస్తది." చెంబు కింద పెట్టిన చప్పుడైంది. "గని అట్టల నిజంగనే గుడ్లుంటయి తమ్మీ, నవ్వులాటనుకోకు. ఇంటికి వోంగనే ముందుగాల…"

"మోరిల నీళ్ళు పోస్త. పెట్టన్నా ఫోను!"

ఇంట్లో కార్టన్ విప్పాను. గులాబీలు వచ్చాయి. ప్రేమలత అడుగుదాకా చేయి పెట్టి వెతికింది.

"పులేది?"

"బొద్దెంకలు…" అని మొదలుపెట్టాను.

"పులినా? బొద్దెంకలు తిన్నయా?"

ఇక దాచలేక, యాదగిరన్న కథంతా చెప్పాను, ఇదిగో ఇప్పుడు మీకు చెప్పినట్టే. ఆమె కాసేపు గులాబీలను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"ఆమెకు బిడ్డ ఉన్నదా?"

"ఉన్నది."

"సలికాలం మంచిగ పంటది తియ్," అంది. లేచి అన్నం వడ్డించింది. గులాబీలను మా మంచం మీద పరిచింది. బామ్మర్ది వచ్చి అడిగితే, నేను నోరు తెరిచేలోపే తనే చెప్పింది: "గుడ్లు వెట్టినయిరా తమ్మీ. పారేసినం." ఆ తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "వచ్చేసారి పులి రాకుంటె మాత్రం నువ్వు గూడ రాకు," అంది.

తర్వాతి చుట్టీకి రెండు పులులు కొన్నాను. ఒకటి ప్రేమలతకు, ఒకటి బొద్దింకలకు. బియ్యం బస్తాలేవీ అడ్డం పెట్టలేదు. కార్టన్ మా గది నట్టనడుమ పెట్టి ముడి నేనే విప్పాను.

"అన్నా, గీ పులి కడుపుల గుడ్లున్నయేమో జర చూడరాదే."

యాదగిరన్న కళ్ళజోడు దారం చెవికి తగిలించుకుని, టార్చీ వేసి, పులి నోట్లోకి చాలాసేపు చూశాడు.

"ఉన్నయి తమ్మీ," అన్నాడు గంభీరంగా. "మస్తుగున్నయి."

వెనక్కి తిరిగి చూస్తే ఎల్లన్న నిలబడి ఉన్నాడు. వాడి చుట్టీ ఇంకా దూరముంది. అయినా రెండు చేతుల్లో రెండు పౌడరు డబ్బాలు పట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా, "అన్నా, ఇవిట్ల సుత ఏమన్న ఉన్నయా చూడు," అన్నాడు. వాడికి నేనేమీ చెప్పలేదు. ఎప్పటినుంచి తెలుసో ఇప్పటికీ అడగలేదు.

"ఆగుండ్రి, ఆగుండ్రి, ఒక్కొక్కరు!" అని విసుక్కుంటూ యాదగిరన్న టార్చీ పక్కన పెట్టి, చెంబు చేత్తో పట్టుకుని, ముందు మోరీ వైపు నడిచాడు.